రెండు ముఖాల చెక్కభజన జెండా

మా నాయనకు చెవులు వినపడవన్న సంగతి అమ్మకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదనుకునేవాళ్లం. ఎనభైలు మొదలైన కాలం. నగరిలో మా వీధి నిండా మరమగ్గాలే. ఆ మోత పక్కన నిలబడి నిలబడి ఆయన చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియదు. మగ్గానికి చెవులతో పనిలేదు. దిగులంతా చెక్కభజనతోనే. మా వీధి గుంపుకు ఆయన గురువు. గురువు ఒక చరణం ఎత్తుకుంటే, గుంపు చెక్కలు వాయిస్తూ అదే చరణం తిరిగి పాడాలి. వాళ్లు ఆపగానే ఆయన తర్వాతిది అందుకోవాలి. ఊరేగింపులో గురువు ముందు నడుస్తాడు, గుంపు ఆయన వీపు వెనక ఉంటుంది. వాళ్లు ఎప్పుడు ఆపారో ఆయనకెలా తెలుస్తుంది?

ఆ ఏడు శ్రీరామనవమికి, వాళ్లింకా పాడుతుండగానే ఈయన అందుకున్నాడు. మర్నాడు మా చిన్నాయన, నాయనకు సొంత తమ్ముడే, టీ తాగుతూ "ఏమన్నా, పిలస్తా ఉంటే పలకవు. సెవిటోని ముందర సెంకూదినట్టుండాదే" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. గుంపులో నాయన తర్వాత గొంతున్న మనిషి ఆయనొక్కడే. గురువు స్థానం మీద కన్నేశాడని నా అనుమానం. భజన కూడా పోతే నాయనకు మిగిలేది ఆ మగ్గం మోతే, అదీ వినపడని మోత.

అంతలో తిరుపతి ఊరేగింపుకు పిలుపొచ్చింది. కొత్త జెండా కావాలన్నారు. నేను నేస్తానన్నాను.

"ఆంజనేయస్వామి బొమ్మ ఏదిమే?" అంది అమ్మ.

"పాట ఎట్లుంటే జెండా అట్లుండల్ల" అన్నాను.

ఒక వైపు పసుపు, దాని మీద ఒకే ఒక వెడల్పాటి ఎర్ర పట్టీ. అది గురువు గొంతు. రెండో వైపు ఎరుపు, దాని మీద దగ్గర దగ్గరగా సన్నటి పసుపు పట్టీలు. అది గుంపు. రెండు గుడ్డలనూ ఒకదాని వీపుకొకటి చేర్చి కుట్టి, కర్రకు అడ్డంగా ఇంకో కర్ర కట్టి వేలాడదీశాను. జెండా పట్టుకుని నేను నాయనకు ముందు నడుస్తాను; గుంపు పాడుతున్నంతసేపు ఎరుపు ఆయన వైపు ఉంటుంది. ఆపగానే కర్ర తిప్పితే పసుపు వస్తుంది. ఆడపిల్ల జెండా పట్టేదేందని ఎవరో గొణిగారు. ముఖాలు చూసే పసిగట్టాడేమో, "నా బిడ్డే పడతాది" అన్నాడు నాయన.

తిరుపతిలో మొదటి వీధి దాటేదాకా బాగానే సాగింది. కర్ర సరిగ్గానే తిప్పాను. నాయన ఒక్క చరణం కూడా తప్పలేదు. రెండో మలుపు దగ్గర వాన అందుకుంది.

అమ్మకానికి నేసే నూలునైతే రంగు వదిలేదాకా నీళ్లలో జాడిస్తాం. దేవుడికిచ్చే కొత్త గుడ్డను మాత్రం ముందుగా తడపకూడదని మా ఇళ్లలో పట్టింపు. ఆ పట్టింపే మా కొంప ముంచింది. ఎరుపు కారి పసుపులోకి దిగిపోయింది. తిప్పితే ఎరుపే, మళ్లీ తిప్పితే ఎరుపే.

గుంపు చరణం ముగించింది. నేను కర్ర తిప్పాను. నాయన జెండా వైపే చూస్తూ, నోరు మెదపకుండా నడుస్తున్నాడు. వాళ్లింకా పాడుతున్నారనే అనుకున్నాడు. వట్టి చెక్కల చప్పుడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నాయన నోరు తెరిచాడు. అయిపోయింది, గురువు స్థానం లాక్కుంటున్నాడు, అనుకున్నాను.

చిన్నాయన పాత చరణమే మళ్లీ ఎత్తుకున్నాడు. గుంపంతా ఇంకోసారి పాడింది. పాడుతూనే ఆయన వరస దాటి ముందుకొచ్చాడు. చరణం ముగియగానే చేతిలోని చెక్కతో నాయన వీపు మీద చిన్నగా తట్టాడు. నాయన ఉలిక్కిపడ్డాడు గానీ, వెంటనే అందుకున్నాడు. మిగిలిన వీధులన్నీ అలాగే తిరిగాం.

సత్రం అరుగు మీద కూర్చుని జెండా పిండుతుంటే చిన్నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. సిగ్గుతో తల వంచుకునే "నీకు ఎప్పటినించి తెలుసు చిన్నాయనా?" అని అడిగాను. బదులు లేదు. కోపమొచ్చిందేమోనని తలెత్తి మళ్లీ అడిగాను. ఆయన నా పెదాల వంకే చూస్తున్నాడు.

"నాకూ పోతా ఉండాయి పాపా" అన్నాడు. "ఇంకోటి నెయ్యి. ఈసారి బాగా జాడించు."