హెర్నియా అని చెప్పుకున్న ఆపరేషన్

మొన్న మా బామ్మర్దికి మోకాలి ఆపరేషన్ అయిందంటే, చూసి వద్దామని నేనూ మా ఆవిడా కార్ఖానా ఏరియాలోని ఆసుపత్రికి వెళ్ళాం. గేటు దగ్గరే సెక్యూరిటీ మనిషి ఆపేశాడు. ఒక రోగికి ఒక్కటే పాసు, లోపల ఇప్పటికే ఒకరున్నారు, ఇన్‌ఫెక్షన్లు వస్తాయి పెద్దాయనా అని మర్యాదగానే చెప్పాడు. నాకు కోపం రాలేదు సరికదా, నవ్వొచ్చింది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. ఆటోలో నేరేడ్‌మెట్‌లోని మా ఇల్లు చేరేదాకా ఏదో ఆలోచిస్తూనే కూర్చుంది.

మన వయసు మగవాళ్ళం బీపీ గురించీ గుండెలో వేసిన స్టెంట్ల గురించీ పార్కులో పోటీలు పడి చెప్పుకుంటాం గానీ, ఇప్పుడు చెప్పబోయే సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తం. నాకు చిన్న వయసులోనే చక్కెర జబ్బు పట్టుకుంది, అది కళ్ళనూ కాళ్ళనూ వదిలేసి తిన్నగా మగతనం మీద పడింది. మాత్రలూ ఇంజెక్షన్లూ అన్నీ అయ్యాక ఒక డాక్టరు అంగంలోపల అమర్చే పరికరం ఒకటుందని, చిన్న పంపు నొక్కితే అందులోకి నీరు చేరి పనిచేస్తుందని చెప్పి, ఆపరేషన్ చేసి పెట్టారు. అప్పుడు తిరుపతి పోతున్నామని ఇంట్లో చెప్పి ఎలాగో కానిచ్చేశాం. ఆ తర్వాత కొన్నేళ్ళు మా కాపురం మళ్ళీ కాపురంలా సాగింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను మళ్ళీ నవ్వడం నేర్చుకున్నది అప్పుడే.

ఆపైన ఆ పరికరంలో గొట్టం కారడం మొదలైంది. మార్చాలన్నారు. కొట్లో స్టీలు గిన్నె సొట్టపోతే ఇంకోటి తీసి ఇచ్చినట్టే అనుకున్నాను, మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్లమ్మే వాడి బుద్ధి అంతకంటే ఎక్కడికి పోతుంది. డాక్టరు మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, మొదటిసారి కంటే రెండోసారి చీము పట్టే ప్రమాదం ఎక్కువని చెప్పారు. మంచినీళ్ళ కుండలో నీళ్ళు తేటగా ఉన్నా లోపలి గోడకు పాచి పట్టినట్టు, పాత పరికరం మీద కంటికి కనబడని క్రిములు చప్పుడు చేయకుండా అంటుకుని ఉంటాయట. అందుకని పాతదాన్ని ముక్క మిగలకుండా తీసేసి, ఆ చోటంతా మందునీళ్ళతో కడిగి, గ్లౌజులూ పనిముట్లూ మార్చుకుని అప్పుడు కొత్తది పెడతారట. అంత చేసినా చీము పడితే అదీ తీసేయాలి, ఆ తర్వాత ఇంకోటి పెట్టడం చాలా కష్టం. షుగరు అదుపులో ఉండాలి, గాయం దగ్గరికి ఎవర్నీ రానివ్వొద్దు, ఇంటిమందులు పూయొద్దు అని మా ఆవిడకు మరీ మరీ చెప్పారు.

ఈసారి తిరుపతి చెల్లలేదు. హెర్నియా అని చెప్పాం. అదే మేము చేసిన పొరపాటు. పెద్ద జబ్బయితే జనం భయపడి దూరంగా ఉండేవారేమో, హెర్నియా అనేసరికి పెళ్ళికి వచ్చినట్టు వచ్చారు. చిన్నమ్మలు, మేనత్తలు, కొట్టు పక్కవాళ్ళు, చేతిలో మిఠాయి డబ్బాలు, వచ్చినవాళ్ళు వచ్చినట్టు మంచం అంచున కూర్చోవడం. ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి చూసి రాకపోతే బతికినన్నాళ్ళూ మాట పడాల్సిన రోజులవి. మా ఆవిడ మిఠాయిలు వెనక్కిచ్చి, మనుషుల్ని గుమ్మంలోంచే పంపించేసి, చుట్టాలందరిలో పొగరుబోతని పేరు తెచ్చుకుంది.

ఆఖరికి మా అమ్మ వచ్చింది. ఎవరికి ఏ దెబ్బ తగిలినా కొబ్బరినూనెలో పసుపు రంగరించి రాయడం అమ్మకు అలవాటు. ఆ గిన్నె కొంగు చాటున పెట్టుకుని వచ్చి నా దుప్పటి ఎత్తబోయింది. మా ఆవిడ అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపింది. అమ్మ ముఖం చిన్నబోయింది, గిన్నె పట్టుకుని బయటికి నడిచింది, ఈవిడా వెంటే పోయింది. నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి వరండాలోంచి అమ్మ గొంతు వినిపించింది, వచ్చినవాళ్ళతో అంటోంది, "పండుకున్నడు. జెర ఆగి ఇంటికాడ చూడుండ్రి, ఇప్పుడైతే పోండ్రి." నేను డిశ్చార్జయ్యేదాకా అమ్మ వరండాలోని బెంచీ వదల్లేదు. కోడలి మీద అలిగి లోపలికి రావడం లేదనుకున్నాను.

కుట్లు మానాయి, చీము పట్టలేదు, కొత్తది నిలిచింది.

మొన్న ఆసుపత్రి గేటు నుంచి ఇంటికొచ్చాక, టీ ఇస్తూ మా ఆవిడ ఇన్నాళ్ళకు అసలు మాట చెప్పింది. ఆ రోజు వరండాలో అత్తమ్మకు అంతా చెప్పేసిందట, ఏం ఆపరేషనో, ఎందుకో, ఏమవుతుందని భయమో. అమ్మ అంతా విని ఒక్కటే అడిగిందట, "చీము పట్టకుంటే చాలు గద, బిడ్డా?" అని. నాకు తెలిసినట్టు వానికి చెప్పకు, సిగ్గుపడ్తడు అని కూడా అందట.

అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎన్ని పండగలకు, ఎంతమంది చుట్టాల ముందు నేను నా హెర్నియా కథ చెప్పానో లెక్కలేదు, ఎక్కడ కోశారో, ఎన్ని కుట్లు వేశారో చేతులు తిప్పుతూ మరీ చెప్పేవాణ్ణి. అమ్మ పక్కనే కూర్చుని ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఊఁ కొట్టేది. ఇప్పటి కుర్రాళ్ళు ఇలాంటివి డాక్టరు దగ్గర నోరు తెరిచి అడుగుతున్నారట, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ. చాలా మంచిది. మేమూ అలా మాట్లాడగలిగి ఉంటే బాగుండేది. నాకూ ఇప్పుడు ఆ ధైర్యం వచ్చింది, ఎవరడిగినా ఉన్నదున్నట్టు చెప్పగలను. అందరికంటే ముందు అమ్మకు చెప్పాలనుంది.