పడమటింట్లో తడిసిన సంచి

కాస్త దగ్గరగా జరిగి కూచోండి. గొంతు పెంచి చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. చెప్పబోయేది కూడా గట్టిగా చెప్పుకునే విషయం కాదు.

ముందే ఒక మాట. దెయ్యం పట్టిందనీ, గాలి సోకిందనీ ఎవరైనా అంటే నవ్వేసే మనిషిని నేను. పెద్దాపురంలో మా స్టీలు సామాన్ల కొట్టు వెనకే మా ఇల్లు. ముప్ఫై ఏడేళ్ళుగా అక్కడే ఉన్నాను. కరెంటు పోయినప్పుడు కొట్లో గిన్నెలు వాటంతటవే మోగినా ఎలకలనుకుని అటు తిరిగి పడుకున్నాను తప్ప ఏనాడూ లేచి కూచోలేదు.

మా అమ్మాయి సుజాతకి అప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. ఇక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. చిన్నప్పటి నుంచీ దానికి రేచీకటి. మునగాకు, క్యారెట్లు తినిపిస్తూ వచ్చాం. అది తిండితో పోయేది కాదని చాలా ఆలస్యంగా తెలిసింది. కంటి వెనక పొర అంచుల నుంచి లోపలికి ఎండిపోతూ వస్తోందన్నారు డాక్టరుగారు. గొట్టంలోంచి చూసినట్టు, ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, పక్కనున్నది కనిపించదు. ఆ గొట్టం ఏటికేడు సన్నబడుతుంది. ఎప్పటికి పూర్తిగా మూసుకుంటుందో చెప్పలేమన్నారు. మందు లేదన్నారు. కాకినాడ, రాజమండ్రి, విశాఖపట్నం, హైదరాబాదు, ఎక్కడికి వెళ్ళినా అదే మాట. ఆసుపత్రి బల్లల మీద కూచుని కూచుని నా నడుము అరిగిపోయింది. పెళ్ళి మాట అదే వద్దంది.

హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ రైల్లో అడిగింది. "అమ్మా, ఏటా పిల్లలకి పగడపు దిబ్బల పాఠం బొమ్మ చూపించి చెబుతున్నాను. చూపుండగా ఒక్కసారి నా కళ్ళతో చూడాలనుంది." డాక్టరుగారిని అప్పటికే అడిగిందట. ఎదటి చూపు బాగున్నంత కాలం, పట్టుకునే మనిషి పక్కనుంటే, పగటి వెలుతురులో గాలి సిలిండరు కట్టుకుని ఒకసారి సముద్రంలోకి దిగొచ్చని ఆయన కాగితం రాసిచ్చారు.

మా ఆయన విని, "చేపల్ని చూడ్డానికి సముద్రంలో దూకడమేంటే? ఉప్పాడ వెళ్తే బుట్టల్లో పోసి చూపిస్తారు కదా!" అన్నారు. అంటూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

ఇక ఎక్కడికి వెళ్ళాలన్నది పెళ్ళిసంబంధాలు చూసినట్టే అయింది. నెల రోజులు సుజాత ఫోను వదల్లేదు. విశాఖపట్నం దగ్గరే, కానీ అక్కడ బండలెక్కువ, పగడాలు తక్కువ, నీళ్ళు మసకట. లక్షదీవులు బాగుంటాయట, కానీ పర్మిట్లు కావాలి, కొచ్చి దాకా వెళ్ళి ఓడెక్కాలి, అంత ఖర్చు మా వల్ల కాదు. అండమాన్‌లో నీళ్ళు అద్దంలా ఉంటాయట. అయితే విమానం తప్పదు. నేత్రాణి అని కన్నడదేశం పక్కన సముద్రంలో చిన్న దీవి, మురుడేశ్వరం దాకా రైల్లో వెళ్ళి పడవెక్కితే చాలు. అండమాన్ ఖర్చులో సగం. నీళ్ళు ఎలా ఉంటాయన్నది మాత్రం ఆ రోజును బట్టి అన్నారట.

మిగతావాళ్ళకి అది పెద్ద విషయం కాకపోవచ్చు. దీనికి అదే అసలు విషయం. గొట్టంలోంచి చూసే మనిషికి ఆ గొట్టం కొసన కూడా మసకే ఉంటే ఏం చూస్తుంది? మళ్ళీ వెళ్ళేటప్పటికి చూపుంటుందో లేదో ఎవరికి తెలుసు?

మా ఆయన నేత్రాణి అన్నారు. "సరే నాన్నా" అంది సుజాత. ఆ సరే ఎలాంటిదో నాకు తెలుసు. దాని కన్నతల్లిని.

టిక్కెట్లు ఆదివారానికి దొరికాయి. మా ఆయన పంచాంగం తీసి, "ఆదివారం పడమటి ప్రయాణం పనికిరాదు, శూల" అన్నారు.

"రైలు ముందు విజయవాడ వెళ్తుంది నాన్నా. అది నైరుతి, పడమర కాదుగా."

"రైలుకి కాదే శూల, మనిషికి. చేరేది ఎటు?"

అలాంటప్పుడు మా ఇళ్ళల్లో ప్రస్థానం పెడతాం. అంటే మంచిరోజు చూసి, మనం వెళ్ళే దిక్కునున్న ఇంట్లో మన సంచి ముందుగా పెట్టి వస్తాం. సంచి కదిలిందంటే ప్రయాణం మొదలైనట్టే లెక్క. తర్వాత ఏ రోజు బయల్దేరినా దోషం ఉండదు. మా పడమటిల్లు సత్యవతి వదినది. మాకు చుట్టరికమేమీ లేదు, ముప్ఫై ఏళ్ళ ఇరుగూ పొరుగూ.

గురువారం పొద్దున్న నా చేతులతో సంచి సర్దాను. నీళ్ళలో వేసుకోవడానికి కొన్న బిగుతు బట్టలు ఒక జత, చుడీదార్లు రెండు జతలు, ఒక తువ్వాలు. గుప్పెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము జేబురుమాల్లో మూటగట్టి మధ్యలో పెట్టాను. జిప్పు వేశాను. వదిన తన వెనక గదిలో చెక్కబల్ల మీద పెట్టించి, పిల్లులు దూరుతాయని తలుపు తాళం వేసింది. తాళంచెవి ఆవిడ బొడ్లోనే ఉంటుంది.

శుక్రవారం పొద్దున్న నేను ముగ్గు వేస్తుంటే వదిన వచ్చింది. "వదినా, ఒక్కసారి రండి. అన్నయ్యగార్ని కూడా పిలవండి."

నేను చూసింది చూసినట్టు చెబుతాను. సంచి పెట్టిన చోటే ఉంది. పైన పొడి. బల్ల పొడి. నేల పొడి. అది మాఘమాసం, చినుకన్నది లేదు. ఆ గది స్లాబుకి చెమ్మ కూడా ఉండదు. సంచి ఎత్తబోతే బరువు తేడాగా అనిపించి వదిన జిప్పు తీసిందట. లోపల బట్టలు ముంచి తీసినట్టు తడిసి ఉన్నాయి. పిండితే ధార కట్టింది. వదిన వేలు నాలిక్కి తగిలించుకుని మా ఆయన వంక చూసింది. ఆయనా చూశారు. నేనూ చూశాను. ఉప్పు. వంటింటి ఉప్పు కాదు, కాస్త చేదు కలిసిన సముద్రపు ఉప్పు.

ఆ తడి బట్టల మధ్యనే బియ్యం మూట ఉంది. విప్పితే బియ్యం పొడిగా గలగలలాడాయి.

మా ఆయన బియ్యం మళ్ళీ మూటగట్టారు. తర్వాత, "సముద్రమే ఇంటికొచ్చి వద్దని చెబుతోంది. ఆపేయండి" అన్నారు.

"రమ్మని పిలుస్తోందేమో, అన్నయ్యగారూ" అంది వదిన.

"అదే నాకు భయం, అమ్మా" అన్నారు. మధ్యాహ్నానికల్లా టిక్కెట్లు రద్దు చేయించారు. ఆయన ఒకసారి వద్దంటే మళ్ళీ వెనక్కి తిరగరు. సుజాత వాదించలేదు. క్యారేజీ పట్టుకుని స్కూలుకి వెళ్ళిపోయింది. వాదిస్తే బాగుండుననిపించింది నాకు.

మధ్యాహ్నం ఆ బట్టలు నేనే ఉతికాను. మూడు నీళ్ళు మార్చినా జిగట పోలేదు. బేసిన్ అడుగున ఇసుక మిగిలింది. మన సముద్రపు ఇసుక నాకు తెలుసు, నల్లగా బరువుగా ఉంటుంది. ఇది తెల్లగా, బియ్యప్పిండిలా ఉంది. కాగితంలో పోసి దాచాను. మా ఆయనకి చెప్పలేదు.

సాయంత్రం సుజాతకి చూపించాను. స్కూలు భూతద్దం తెచ్చుకుని, కిటికీ వెలుతురులో కంటికి ఆనించినట్టు పెట్టి చూసింది. "ఇది రాతి ఇసుక కాదమ్మా. గవ్వల పొడి, పగడం పొడి" అంది.

"ఎక్కడిది?"

"ఏమో. నేనెప్పుడు చూశాను?"

అని తలెత్తి, "అమ్మా, ఉన్నావా?" అంది. నేను దాని భుజం పక్కనే నించుని ఉన్నాను. చెయ్యి చాపి గాల్లో వెతికింది. నా కొంగు చేతికి తగిలాక ఊరుకుంది.

అప్పుడే నిశ్చయించుకున్నాను.

మా ఆయనకి అన్నం వడ్డిస్తూ చెప్పాను. "ఏమండీ, ఆ సంచి తప్పు నాదే. దిష్టి తగలకూడదని రాళ్ళ ఉప్పు పొట్లం అడుగున పెట్టాను. తువ్వాలు సరిగా ఆరలేదు. రెండూ కలిసి ఊరిపోయుంటాయి."

ఆయన ముద్ద ఆపి నా మొహంలోకి చూశారు. "ఇన్నాళ్ళు కాపురం చేశావు. తడిగుడ్డ పక్కన ఉప్పు పెడతారా ఎవరైనా? పొద్దున్నే చెప్పడానికేం?"

"తిడతారని."

"తిట్టకేం చేస్తారు మరి!" అని నవ్వారు. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. ఆ మనిషికి ఎంత బరువు దిగిందో ఆ నవ్వులో తెలిసింది.

నేను ఉప్పు పెట్టలేదండి. తువ్వాలు ముందురోజే మేడ మీద ఎండలో పెళపెళలాడేలా ఆరింది. మడతపెట్టింది నేనే.

నవ్వు ఆగకముందే రెండో మాట వేశాను. "ఎటూ ఆ టిక్కెట్లు పోయాయి. పడమటి ప్రయాణం చెడింది కదా, తూర్పుకే వెళ్దాం, అండమాన్‌కి. ఆదివారం తూర్పుకి శూల లేదని మీ పంచాంగమే చెబుతోంది." సుజాత కంచంలోంచి తలెత్తింది. ఆయన గొణిగారు. ఖర్చన్నారు. ఎనిమిది రోజులనుకున్నది అయిదుకి తగ్గించాం. సామర్లకోటలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణుంచి విమానం, నెల ముందుగా తీసుకుంటే కాస్త తక్కువకే వచ్చింది. హోటలు కాకుండా ఒకళ్ళింట్లో గది. పడవ లేకుండా ఒడ్డు నుంచే దిగే చోటు. ఒక్కసారే దిగడం. అంతా కలిపితే నేత్రాణి కన్నా మరీ ఎక్కువేం కాలేదు. ఆయన కొట్టు చూసుకుంటూ ఉండిపోయారు. అమ్మాయి, నేను వెళ్ళాం.

అక్కడ ఒడ్డున దిగగానే వంగి గుప్పెడు ఇసుక తీశాను. తెల్లగా, మెత్తగా ఉంది. అదేననిపించింది. కానీ తెల్ల ఇసుక ఎక్కడైనా తెల్లగానే ఉంటుంది. అదేనని ప్రమాణం చేసి చెప్పలేను.

నీళ్ళలో దిగడం నేర్పించే అబ్బాయి డాక్టరు కాగితం రెండుసార్లు చదివాడు. చెయ్యి వదలనని నాతో సైగ చేసి చెప్పాడు. ఇద్దరూ నీళ్ళలోకి నడిచారు. తలలు మునిగాయి. నలభై నిమిషాలు ఆ నీళ్ళ వంకే చూస్తూ కూచున్నాను. ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. వద్దంటోందన్న మాటే చెవుల్లో తిరిగింది. ఆ మాటని అబద్ధంతో తుడిచేసిందాన్ని నేనే. ఏమన్నా అయితే ఆయనకేం చెప్పను?

పైకొచ్చింది. మొహం చుట్టూ నీళ్ళలో పెట్టుకునే అద్దం అచ్చు ఎర్రగా పడింది. ఏడుస్తోందో నీళ్ళు కారుతున్నాయో తెలియలేదు. నా పక్కన కూలబడి, కాసేపు ఆయాసం తీర్చుకుని చెప్పింది.

"అమ్మా, ఆ అద్దం పెట్టుకుంటే ఎవరికైనా పక్కలు కనిపించవట. ఎటు చూడాలన్నా తల తిప్పాల్సిందేనట. కింద అందరూ నాలాగే చూస్తారమ్మా."

తువ్వాలు తీసి దాని తల తుడిచాను.

ఇది జరిగి రెండేళ్ళు. దాని చూపు ఇంకా సన్నబడింది. డాక్టర్లు చెప్పిన దారిలోనే పోతోంది, ఆగలేదు. స్కూలుకి వెళ్తూనే ఉంది. ఆ పాఠం వచ్చినప్పుడు ఇప్పుడు బొమ్మ తియ్యదట.

మా ఆయన కొట్టుకొచ్చిన వాళ్ళకల్లా మా ఆవిడ ఉప్పు సంచి అని చెప్పి నవ్విస్తారు. వదిన కూడా నమ్మేసి ఆ గదిలో భయం లేకుండా పడుకుంటోంది. సుజాత ఒక్కసారి అడిగింది. "నువ్వు నిజంగా ఉప్పు పెట్టావా అమ్మా?" పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయాను.

హెచ్చరిక అనుకుందామంటే ఏ చెడూ జరగలేదు. దీవెన అనుకుందామంటే దాని చూపు పోవడం ఆగలేదు. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి, తాళం వేసిన గదిలోకి ఎలా వచ్చాయి, బియ్యాన్ని ఎలా వదిలేశాయి, నాకు తెలియదు. అందరికీ నేనిచ్చిన జవాబుంది. నాకొక్కదానికే లేదు. ఇది చెవిన పడితే ఆయనకీ ఉండదు. పోనివ్వండి, ఒక్కదాన్నే మోసి అలిసిపోయాను.

ఇంతసేపు కూచుని విన్నారు. మీ ఇంట్లో ఎవరు ఎవరిని పిలిచినా పక్కనుంచే పలుకు వినబడాలి. బయటికెళ్ళిన వాళ్ళందరూ వేళకి గుమ్మంలోకి రావాలి. చల్లగా ఉండండి.