లియోనీ పిరోట్ ప్లేటు మర్యాద

బెల్జియంలో మ్యూజ్ నది ఒడ్డున మా ఊళ్ళో లియోనీ పిరోట్ నడిపే హోటల్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒక్క ప్లేటులోనూ మెతుకు కూడా మిగల్లేదు. ఇది ఆవిడ మాట. కాదన్నవాడికి మర్నాడు భోజనం పుట్టదు కాబట్టి ఊరంతా ఒప్పుకున్న మాట కూడా.

ఆవిడ వండేది ఒకటే. పిడికిలంత మాంసం ఉండలు రెండు, వాటి మీద ఆపిల్, పియర్ పళ్ళ పాకంలో ఉల్లిపాయలు మగ్గించిన తీపి పులుసు, పక్కన వేపిన బంగాళాదుంపలు. జ్వరంతో వచ్చినవాడూ, పెళ్ళాంతో పోట్లాడి వచ్చినవాడూ, ఒకసారి దారితప్పి వచ్చిన బిషప్పుగారూ, అందరూ ఊడ్చి తిన్నారు. భర్త లాంబెర్ పోయేముందు రోజు కూడా తిన్నాడు. ఆయన సద్గుణాల్లో ఇది మొదటిదని ఆవిడ అంటుంది. రెండోది ఇంతవరకూ చెప్పలేదు.

నిరుడు మార్చిలో బ్రస్సెల్స్ నుంచి సినిమావాళ్ళు దిగారు. డైరెక్టర్ బెరెంజేర్‌కి ముప్పై ఏళ్ళుంటాయి. నవ్విస్తూ ఏడిపించే సినిమా అని చెప్పింది గానీ, ఆ వారమంతా ఆమె మొహంలో రెండో సగమే కనిపించింది. కథలో కొడుకు తల్లి అంత్యక్రియలు ముగించుకుని, ఆవిడ రోజూ తినే హోటల్‌కి వస్తాడు. ఆవిడ తినే వంటకమే తెప్పించుకుని, మూడో ముద్ద దగ్గర ఏడుస్తాడు. కొడుకు వేషం ఆన్సెల్మ్ దోర్వాల్‌ది. హోటల్ లియోనీది. పక్క బల్లల దగ్గర భోంచేసే జనం మేం. కెమెరా వైపు చూడకుండా తినడమే మా నటన. అందులోనూ మాలో సగం మందిమి విఫలమయ్యాం.

ఆరు టేకులైనా దోర్వాల్‌కి ఏడుపు రాలేదు. ఏడో ప్లేటు తెచ్చిన లియోనీకి బల్ల కింద బకెట్ కనబడింది. అందులో ఆవిడ ఉండలున్నాయి, నమిలినవి.

"ఇదేంటమ్మాయ్?"

"ఉమ్మే బకెట్ అండీ," అంది బెరెంజేర్. "ఏ సినిమాలోనైనా ఇంతే. ప్రతి టేకుకీ మింగితే మనిషి పోతాడు."

"నా వంట తిని ఎవడూ పోలేదు. మా ఆయన చివరిదాకా తిన్నాడు."

"మర్నాడే పోయాడుగా," అన్నాడు మా బల్ల దగ్గరి పోస్ట్‌మ్యాన్ జ్యూల్. ఆ మాటకి తర్వాత వారం రోజులు వాడు ఇంట్లోనే తిన్నాడు.

లియోనీ ప్లేటు వెనక్కి పట్టుకుపోయి వంటింటి తలుపు గడియ పెట్టింది. పోయిన ఆరు ప్లేట్లనూ వడ్డనగా కాక దొంగతనంగా జమకట్టింది.

"గంటలో వెలుతురు పోతుందండీ, రేపు మేం ఇంకో ఊరు వెళ్ళాలి," అని తలుపు బయటి నుంచి బతిమాలింది బెరెంజేర్.

"పోనీ. గుడ్లు ఉడకబెట్టుకుని ఏడవండి."

చివరికి దోర్వాలే వెళ్ళాడు. "అమ్మా, బకెట్ తీయించేశాను. మింగుతాను."

"మింగితే చాలదు నాయనా. ప్లేటు ఖాళీ అయితేనే ఇంకో ప్లేటు."

అలా ఒప్పందం కుదిరింది. టేకు అవగానే మిగతాది అతను తినాలి, ఆవిడ నడుం మీద చేతులేసుకుని చూడాలి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఎనిమిది ఉండలు. పదకొండో టేకులో మూడో ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ మనిషి గుండె మీద పిడికిలి ఆన్చి, పైకప్పు వైపు చూశాడు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. బెరెంజేర్ కూడా ఏడ్చేసింది. మేం మాత్రం అతని బెల్టు వైపు చూస్తూ ఉండిపోయాం.

శరత్కాలంలో మా ఊరి హాల్లో సినిమా వేశారు. పత్రికలు అప్పటికే 'మాటలకందని మాతృశోకం' అని రాసేశాయి. తెర మీద మూడో ముద్ద, పిడికిలి, కన్నీళ్ళు వచ్చాయి. వెంటనే బొమ్మ మారి నది కనిపించింది. ప్లేటులో ఒకటిన్నర ఉండ అలాగే ఉండిపోయింది.

లియోనీ లేచి నిలబడింది.

"అది తర్వాత తిన్నాడు," అంది హాలంతటికీ వినబడేలా.

బ్రస్సెల్స్ అతిథులు ఉష్షుమన్నారు.

"ఉష్షేంటి? ఊళ్ళన్నీ చూస్తాయి దీన్ని. లియోనీ పిరోట్ ప్లేటులో మిగిలిందనుకోరూ? దోర్వాల్, నువ్వు చెప్పు."

ముందు వరుసలో దోర్వాల్ మెల్లిగా లేచాడు. చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

"తిన్నానండీ. పులుసు బ్రెడ్డుతో తుడుచుకుని మరీ తిన్నాను."

"సరే, కానివ్వండి," అని లియోనీ కూర్చుని, మిగతా సినిమా ఆడించుకోవడానికి అనుమతిచ్చింది.