రీలులో మిగిలిన నాలుగు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లని మా వర్క్‌షాపులో అందరికంటే ఎక్కువ ఏడిపించింది నేనే. ఇప్పటికీ నమ్మనని మొండిగానే అంటాను. కానీ ఆ ఐదు ఫొటోలు నా పెట్టెలో ఉన్నాయి.

ఎనభైల చివర్లో మాట. ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో మా క్వార్టర్, రైల్వేలో ఫిట్టర్ పని, వీటికి తోడు కెమెరా పిచ్చి. సెలవు దొరికితే దీఘా సముద్రం. లేకపోతే మా ఊళ్లోనే పూరీ గేట్ దగ్గర రిక్షావాళ్లు, గోల్‌బజార్‌లో చేపలమ్మే ఆడవాళ్లు. ఊళ్లో అందరి ముఖాలూ తీశాను, పెళ్లాం ముఖం తప్ప. రీలుకి ముప్పై ఆరు ఫొటోలే. ఇంట్లో మనిషి ఎక్కడికి పోతుందిలే అనుకునేవాణ్ణి.

ఆ ఏడు పక్కనే కలైకుండ ఎయిర్‌ఫోర్స్ స్థావరంలో విమానాల విన్యాసాలని తెలిసింది. కెమెరాలో అప్పటికే కొంత వాడిన రీలుంది, పెరట్లో కాకులూ అవీ తీసినది. నా భార్య నారాయణమ్మ నాలుగు రోజులుగా ఒంట్లో బాగోక పడుకునే ఉంది. నేను బయల్దేరుతుంటే మంచం మీంచే అడిగింది.

"ఇమానాలు రేపైనా ఎగురుతాయి. నన్నోపాలి తియ్యరాదేటి?"

"ఈ వాలకంతోనా? లేసి తిరిగినాక తీస్తాన్లే" అన్నాను.

కంచె బయట పొలంలో జనం మధ్య నిలబడి తీసినన్ని తీశాను. ఇంకా నాలుగు మిగిలాయి. రీలు పూర్తవకుండా కడగడానికివ్వడం మా ఇంటా వంటా లేదు. ఆ నాలుగూ దీఘా అలలకని దాచాను. ఆమెకి కామెర్లు ముదిరాయి. కెమెరా బీరువా మీదే ఉంది. మంచం పట్టిన పన్నెండో రోజున ఆమె పోయింది.

దినం నాడు దండ వేయడానికి ఫొటో లేదు. రైల్వే మెడికల్ కార్డు మీది కుటుంబం ఫొటోలో ఆమె ముఖం శనగగింజంత, దాని మీద రబ్బరు స్టాంపు. బంధువుల ముందు సిగ్గుతో చచ్చాను. పెరట్లో తీసినవాటిలో పొరపాటునైనా పడి ఉంటుందేమోనన్న ఆశతో రీలు గోల్‌బజార్ స్టూడియోలో ఇచ్చాను.

పెరటి ఫొటోల్లో ఆమె లేదు. స్టూడియో బెంగాలీ దాదా మాత్రం విమానాల ఫొటోలు చూపించి, ఈవిడెవరని అడిగాడు. నారాయణమ్మని ఆయన ఎన్నడూ చూడలేదు. జనం పడినవి ఐదు. ఐదింటిలోనూ ఆవాలరంగు చీరలో ఒక ఆడమనిషి. ఎర్ర జాకెట్టు పొట్టిదైపోతే, వెనక కింద ఆకుపచ్చ గుడ్డ అతుకు. ఆ అతుకు నారాయణమ్మ నా కళ్లెదుటే వేసుకుంది.

ఆ విమానాల రోజు ఆమె మంచం దిగలేదు. పక్క క్వార్టర్ దీదీ సాయంత్రం దాకా దగ్గరే కూర్చుంది, ఆవిణ్ణి గుచ్చి గుచ్చి అడిగాను. ఒక ఫొటో మీద ఇంకో ఫొటో పడలేదని దాదా భూతద్దం పెట్టి మరీ చూసి చెప్పాడు.

ఆ పొలంలో నేను నాలుగు మూలలా తిరిగి తీశాను. మిగతా జనం ఒకదాంట్లో ముఖం, ఒకదాంట్లో పక్క. ఆమె మాత్రం ఎటునుంచి తీసినా వీపే.

అక్కడికి ఎలా వచ్చిందో ఇన్నేళ్లయినా నేను చెప్పలేను. నా వైపు ఎందుకు తిరగలేదో మాత్రం ఎవరూ అడగక్కర్లేదు.