గారెన్ తవ్విన గుంటలు

గారెన్‌కి అరవై నాలుగేళ్లు వచ్చాయి గానీ లోపలేముందో చూడాలన్న ఆరాటం తగ్గలేదు. ఎక్కడ మంచు కనిపించినా కర్ర గుచ్చి, చెవి ఒగ్గి వినాల్సిందే. తర్వాత గుంట తవ్వి, అడుగున రెయిన్‌డీర్లు మేసే తెల్లనాచు వాసన చూడాల్సిందే.

"మా అక్క స్వర్గానికెళ్లినా అక్కడా గుంటలే తవ్వుద్ది" అని తమ్ముడు యొవ్నా ఊరంతా చెప్పి నవ్వేవాడు.

ఈ జనవరిలో ఆ నవ్వు ఆగిపోయింది. రెండు రోజులు ఏకధాటిగా వాన. ఆ మంచుసీమలో జనవరిలో వానేమిటి, విడ్డూరం కాకపోతే! మూడోనాడు చలి బిగిసేసరికి తడిసిన మంచు మొత్తం గట్టి పలకైపోయింది. గారెన్ కర్ర గుచ్చితే ఠంగుమంది. అక్కాతమ్ముళ్ల రెయిన్‌డీర్లు, అందులో సగం చూలువి, గిట్టలతో గీకి గీకి అలసిపోయాయి. నాచు జానెడు లోతులోనే ఉంది, నోటికి మాత్రం అందదు.

వారం తిరిగేసరికి వాటి డొక్కలు లోపలికి పోయాయి. యొవ్నా మంచు స్కూటర్ మీద గడ్డి మోపులు తెచ్చాడు.

"దించకు!" అంది గారెన్.

"ఆకలికి చస్తున్నాయే అక్కా! నీకేమన్నా మతి పోయిందా?"

"పోయిందిరా, నాకు ఇరవయ్యేళ్లప్పుడు. ఇలాంటి చలికాలమే. మెడలో గంటతో మంద ముందు నడిచే నా పోతుకి కడుపునిండా గడ్డి పెట్టా. నాలుగోనాడు చచ్చింది. ఎందుకో అర్థంకాక కోసి చూశా. పొట్టనిండా గడ్డేరా, ఒక్క పరకా అరగలేదు. మాడిన కడుపుకి ఒక్కసారిగా గడ్డి పడదు."

"మరేం పెట్టమంటావు, నా తలకాయా?"

"అదీ అరగదులే. పాత అడవికి తోలదాం పద. అక్కడ కొమ్మలకి నాచు వేలాడుతుంటది."

రెండు రోజులు నడిపించారు. అడవిలో యొవ్నా కొమ్మలు నరికి పడేస్తుంటే మంద ఎగబడి తింది. అమ్మయ్య అనుకుంది గారెన్. తెల్లచుక్క అనే రెయిన్‌డీర్ ఒక్కటే పక్కన కూలబడింది. అదీ చూలుదే, గారెన్ చేత్తో పాలు పట్టి పెంచినది. నోటి దగ్గర నాచు పెట్టినా వాసన చూసి ఊరుకుంది. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

యొవ్నా మొలలోంచి కత్తి తీశాడు. అక్క సంగతి తెలిసినవాడు కదా.

"కోసి చూస్తావా అక్కా?"

గారెన్ ఆ చూలు కడుపు మీద చెయ్యి వేసింది. కళ్లనీళ్లు ఆగలేదు.

"వద్దురా" అంది. "లోపలేముందో నాకు తెలుసు."