చెవిలో మోత, ఇంట్లో గుసగుసలు

2023 చలికాలం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా క్లినిక్. నేను ఆడియాలజిస్ట్‌ని. వినికిడి పరీక్షలు చేసి, చెవికి కావలసిన పరికరాలు అమర్చడం నా పని. ఇక్కడి తెలుగువాళ్లకి మాత్రం 'చెవి డాక్టరమ్మ'ని. కాదండీ బాబూ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను.

ఆ రోజు దగ్గర్లోని ట్రాయ్ నుంచి రమేశ్, అతని భార్య స్రవంతి వచ్చారు. కార్ల కంపెనీలో రమేశ్ ఉద్యోగం విచిత్రమైనది. కొత్త కారులో కూర్చుని ఎక్కడ కిర్రుమంటోందో, ఎక్కడ గుయ్యిమంటోందో చెవితో పట్టి, దాన్ని లేకుండా చేయాలి. అలాంటి మనిషి చెవిలోనే గుయ్యిమని మొదలైంది. దాన్నే టిన్నిటస్ అంటారు. బయట ఏ శబ్దమూ లేకపోయినా లోపల మోగుతూనే ఉంటుంది.

"కార్‌ల అయితే ఎక్కడున్నదో పట్టుకొని తీసేస్త మేడమ్. ఇది దొరుకుతలేదు," అన్నాడు. నిద్ర లేక కళ్లు లోపలికి పోయాయి.

ప్రమాదమేమీ లేదని స్పెషలిస్ట్ అప్పటికే తేల్చారు. నేను పరీక్షలు చేసి, సౌండ్ జనరేటర్ పెట్టాను. చూడ్డానికి హియరింగ్ ఎయిడ్‌లా ఉంటుంది, చెవిలో సన్నగా వాన చప్పుడు వినిపిస్తుంది. మోత పూర్తిగా మునిగిపోయేలా పెట్టను. మోతా, వానా రెండూ వినబడేంతే పెడతాను. వింటూ వింటూనే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేయాలి.

"ఇంకా వినబడుతున్నది. అంటే ఫెయిల్ కదా?" అన్నాడు.

"ఇది కారు కాదు రమేశ్ గారూ, మీ తలకాయ," అన్నాను. నాకసలే ఓపిక తక్కువ.

అప్పుడు గమనించాను. ఏమడిగినా స్రవంతి గుసగుసగానే జవాబిస్తోంది. గొంతు నొప్పా అని అడిగాను.

"అలవాటైంది మేడమ్. చప్పుడైతే పరేషాన్ అయితడని మిక్సీ గ్యారేజ్‌ల పెట్టిన. టీవీ మ్యూట్. పాప ఫ్రెండ్స్‌ని రానిస్తలేను. అది స్కూల్ల గూడ మెల్లగనే మాట్లాడుతున్నదని టీచర్ అడిగింది."

రమేశ్ తలెత్తలేదు. "అందుకే వీళ్లను జెర్సీ సిటీకి, మా బావ ఇంటికి పంపుతున్న. టికెట్స్ బుక్ చేసిన. నేనొక్కన్నే ఉంటే సైలెంట్‌గ ఉంటది, తగ్గుతది."

నిశ్శబ్దంలో ఈ మోత ఇంకా పెద్దగా వినబడుతుంది. పైగా ఈ స్థితిలో, ఖాళీ ఇంట్లో, ఒంటరిగా! "బతకడం వద్దనిపిస్తోందా?" అని సూటిగా అడిగాను. మా పనిలో తరచూ అడిగే ప్రశ్నే. అయినా తెలుగులో అడగడం తేలిక కాలేదు.

"చావాలని లేదు మేడమ్. కానీ ఇట్ల బతకబుద్ధి అయితలేదు."

స్రవంతి నోటికి చున్నీ అడ్డుపెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు కూడా బయటికి వినబడనివ్వలేదు. నేను అక్కడికక్కడే కౌన్సెలర్‌కి ఫోన్ చేసి, మర్నాటికే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

"టికెట్లు క్యాన్సిల్ చేయండి. మిక్సీ వంటింట్లోకి తెండి. పాపని ఆడుకోనివ్వండి. నేనిచ్చిన మిషన్ ఒక్కటే చాలదు, మీ ఇంటి చప్పుళ్లు కూడా కావాలి."

"ఎక్కువైతే?" అన్నాడు రమేశ్.

"నన్ను తిట్టండి."

ధైర్యంగా అన్నానే గానీ, నాకూ అదే అనుమానం. నా మాట విని అతనికి ఇంకా ఎక్కువైతే? ఆ తర్వాత చాలా వారాలు, క్లినిక్ ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని.

మంచు కరుగుతున్న రోజుల్లో ముగ్గురూ ఫాలోఅప్‌కి వచ్చారు. "మోత పోలే మేడమ్," అన్నాడు రమేశ్ కూర్చుంటూనే. నా మొహం మాడిపోయింది. "పొద్దున ఉంటది. తర్వాత పనిల పడి మర్చిపోతున్న."

"ఆ, బాగ మర్చిపోతున్నడు! పాలు తెమ్మన్నది గూడ మర్చిపోతున్నడు," అని స్రవంతి గట్టిగా అందుకుంది. అతనూ ఊరుకోలేదు. "డాడీదే ఫాల్ట్!" అని మధ్యలో పాప అరిచింది. పక్క గదిలో వినికిడి పరీక్ష నడుస్తోంది. ఇంకెవరైనా అయితే నోళ్లు మూయించేదాన్నే. ఆ రోజు మాత్రం లేచి తలుపేసి వచ్చి, వాళ్ల పోట్లాట చెవులారా విన్నాను.

ఇప్పుడు టిన్నిటస్ అని ఎవరొచ్చినా, మోత ఎంత పెద్దగా ఉందన్నది తర్వాత అడుగుతాను. ముందు, ఇంట్లో ఎవరెవరు మాటలు తగ్గించుకున్నారని అడుగుతాను. చాలామంది జవాబు చెప్పేముందు పక్కన కూర్చున్న మనిషి వైపు చూస్తారు.