కొత్త పిస్టన్

పొద్దున్న పక్క చేలో పురుగుమందు కొట్టే ఇంజన్ స్టార్ట్ చేశారు. పెట్రోలులో ఆయిల్ కలిసి కాలిన ఆ నీలిపొగ వాసన ముక్కుకి తగలగానే, ఎవరూ చూడకపోయినా నా తల వంగిపోయింది.

తొంభైల చివరి మాట. తాతగారి నాటి నలభై ఎకరాల్లో మాకు మిగిలింది మూడు. మిగతా దర్జా అంతా నాన్నగారి పాత టూ స్ట్రోక్ మోటారు సైకిలు మీదే కూర్చుని ఉండేది. దాని చప్పుడుకి కాలవగట్టు మీద ముసలివాళ్లు ఇంకా లేచి నిలబడేవారు. నేనూ నాన్నగారిలాగే తల ఆడించకుండా, చూపుతోనే పలకరించి సాగిపోయేవాణ్ణి. అది మొరాయిస్తే పాలకొల్లులో ఒక మేస్త్రి ఇంజన్ విప్పి, సిలిండరు బోరు చేయించి, కొత్త పిస్టన్ వేశారు. అప్పట్లో ‘వేశాడు’ అనేవాణ్ణి.

“ఇంజనిప్పుడు పచ్చి బాలింతండి బాబుగారూ. ఐదొందల కిలోమీటర్లు తిరిగేదాకా నలభై దాటించకండి. ఆయిలు కూడా కాస్త ఎక్కువే కలపండి, ఆయ్,” అని మరీ మరీ చెప్పారు.

మూడో రోజు నరసాపురం రోడ్డులో, మా పొలం కౌలుకి చేసి చివరికి దాన్నే కొనుక్కున్నాయన కొడుకు, కొత్త బండి మీద నన్ను దాటాడు. “ఏంటండి బాబుగారూ, బండికి జొరమొచ్చిందాండి?” అని నవ్వాడు. వెక్కిరింత కాదేమో. నాకు మాత్రం పొలం రెండోసారి పోయినట్టనిపించింది. ఎక్సలేటరు పూర్తిగా తిప్పి వెంటపడ్డాను, దాటాను కూడా. ఆ తృప్తి తీరకముందే ఇంజన్ కీచుమని బిగుసుకుపోయింది.

బండిని రిక్షాలో వేయించి తెచ్చి, షాపు ముందు పదిమంది వినేలా అరిచాను. “ఇదేనా నీ పనితనం? రెంచీ పట్టుకున్న ప్రతివాడూ మేస్త్రేనా?” రిపేరుకి వచ్చినవాళ్లలో ఇద్దరు మెల్లగా తమ బండ్లు తోసుకుంటూ వెళ్లిపోయారు. ఆయన ఇంజన్ విప్పి పిస్టన్ బయటికి లాగారు. పక్కలంతా నిలువు గీతలు. మితిమీరిన వేగానికి వేడెక్కి కరుచుకున్న గుర్తులవి. ఒక్కసారి నా మొహంలోకి చూశారు. తర్వాత దాన్ని గుడ్డలో చుట్టేసి, “పొరపాటు నాదేనండి. పిస్టన్‌కీ సిలిండరుకీ మధ్య గ్యాపు తక్కువ పెట్టించేశాను,” అన్నారు, అందరికీ వినబడేలా.

నేనేమన్నానో తెలుసా? “ఇకమీదట జాగ్రత్త,” అన్నాను.

ఏడాది తిరక్కుండా ఆ షాపు మూతపడింది. ఆయన కడియం నర్సరీల్లో కూలికి లారీలకు మొక్కలెక్కిస్తున్నారని మా బావ చెప్పాడు. మా ఊరి నుంచి కడియం ఎంత దూరమని? నేను వెళ్లలేదు. ఆయన పోయిన కబురు తెలిశాక కూడా వెళ్లలేదు.

ఆ రోజు నిజం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. అది దాటిపోయిందనుకున్నాను గానీ, ఇన్నేళ్లుగా నేను బతుకుతున్నది ఆ నిమిషంలోనే.